టెండర్లో పనివాళ్ల ఆరోగ్య షరతులు పెడితే కాంట్రాక్టర్లు పాటిస్తారా?

మున్సిపాలిటీ డ్రైనేజీ టెండర్లో పనివాళ్ల ఆరోగ్యం కోసం షరతులు పెడితే అమలవుతాయా అని అడిగారు. అనంతపురం జిల్లాలో పన్నెండేళ్లు ఎస్టిమేట్లు వేసి, ఎం బుక్కులు (జరిగిన పని కొలిచి రాసే పుస్తకాలు, బిల్లుకు అవే ఆధారం) రాసినవాణ్ని. షరతుగా రాస్తే పాటించరు. ఐటెమ్‌గా (ఎస్టిమేట్లో విడి పద్దుగా) రాసి రేటు కడితే చాలావరకు పాటిస్తారు.

2017 ఏప్రిల్లో ఒక సీసీ డ్రెయిన్ పని. "తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స కాంట్రాక్టరు సొంత ఖర్చుతో కల్పించాలి" అని అగ్రిమెంటులో ఉంది. ఎవరూ చదవని వాక్యం. సైటుకు పోతే పెయింటు బకెట్లో బోరు నీళ్లు, మీద సిమెంటు సంచి ముక్క. ఒంటిగంట ఎండలో కాంక్రీటు గంప మోస్తున్న ఒకామె కళ్లు తిరిగి పడిపోయింది. ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెమ్మంటే మేస్త్రీ తెచ్చాడు. లోపల కొలత టేపు, రెండు గుట్కా పొట్లాలు! ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం, సాయంత్రానికి తేరుకుంది. కాంట్రాక్టరును నిలదీస్తే, "సార్, 18 శాతం లెస్సుకు ఏసినా. నీళ్ల క్యాన్లకు దుడ్లు యాడ్నుంచి తేవల్ల?" అన్నాడు. లెస్సు అంటే ఎస్టిమేటు కన్నా తక్కువకు టెండరు వేయడం. చేసింది తప్పే, చెప్పిన లెక్క మాత్రం అబద్ధం కాదు.

తర్వాతి పనికి మా పైఆఫీసరును ఒప్పించి, నీళ్ల క్యాన్లు, నీడకు షెడ్డు, మందుల పెట్టె విడివిడి ఐటెమ్‌లుగా పెట్టాం. జీఎస్టీ, సీనరేజి (ఇసుక, కంకర మీద ప్రభుత్వానికి కట్టే రుసుము) మాదిరి టెండరు శాతానికి బయట ఉంచాం, లెస్సు వాటికి తగలకుండా. కళ్లతో చూసి ఎం బుక్కులో ఎక్కిస్తేనే డబ్బు. రెండో రోజే క్యాన్లు వచ్చాయి.

నీళ్ల గురించి ఒక మాట. ఉత్త "తాగునీరు" అని రాయొద్దు. మన దగ్గర చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా. ఆ అంకె రాసేయండి.

ఏప్రిల్, మే నెలల్లో 11 నుంచి 4 దాకా పని ఆపాలని పెడితే, ఆ మేరకు గడువు కూడా పెంచండి. లేదంటే లేటు ఫైన్ భయంతో వాళ్లే ఎండలోకి తోలుతారు.

"1 శాతం లేబర్ సెస్ కడుతున్నాం కదా" అని అడ్డుపడేవాళ్లుంటారు. అది నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు పోతుంది, సైటుకు రాదు. పైగా ఆ బోర్డు కార్డు లేని బేల్దారికి దానివల్ల ఏమీ దక్కదు. ఇంకొకటి, 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో కాంట్రాక్టరు సౌకర్యాలు పెట్టకపోతే పని ఇచ్చినవాళ్లే పెట్టి బిల్లులో కోసుకోవాలని ఉండేది. 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 కోడ్ (పనివాళ్ల భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల చట్టం) అయితే ఆ బాధ్యతను నేరుగా పని ఇచ్చినవాళ్ల మీదే పెట్టింది. మీ కమిషనరుకు ఇది చూపిస్తే ఫైలు కదులుతుంది.

అన్నీ పనిచేయలేదు. మూడు నెలలకొకసారి మెడికల్ క్యాంపు అని కూడా ఒక ఐటెమ్ పెట్టాం. బీపీ చూశారు, బ్యానర్ ముందు ఫోటో తీశారు, బిల్లు పెట్టారు. దాన్ని మళ్లీ ఏ ఎస్టిమేట్లోనూ వేయలేదు.