పాప అడుగుతోందని ఫ్లాట్‌లోకి కుక్కని తెచ్చుకోవచ్చా?

మీ ప్రశ్న ఇదీ కదా: బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు టూ బీహెచ్‌కే ఫ్లాట్, ఇద్దరూ ఉద్యోగాలే, వారంలో మూడు రోజులు ఆఫీసుకి వెళ్లాలి, ఏడేళ్ల పాప లాబ్రడార్ పిల్ల కావాలని పట్టుబట్టి కూర్చుంది, తెచ్చుకుంటే రోజులు ఎలా గడుస్తాయి అని. మేం హొరమావులో ఉంటాం, మాదీ ఫ్లాటే, మూడో అంతస్తు. మా చుక్కి మా ఇంటికొచ్చి కొన్నేళ్లయింది, నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న వీధి కుక్క, ఇక్కడ అందరూ ఇండీ అంటారు. నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

అన్నిటికంటే ముందు ఒక మాట. పాప కోసం కుక్కని తేవద్దండి. మీ ఇద్దరిలో కనీసం ఒక్కరికి సొంతంగా కావాలని ఉంటేనే తెచ్చుకోండి. లాబ్రడార్ అయితే పది పన్నెండేళ్లు ఉంటుంది, ఇండీలు ఇంకా ఎక్కువే బతుకుతాయి. లెక్కేసి చూడండి, మీ పాప టెన్త్ అయ్యి ఇంటర్‌కి ఏ హాస్టల్‌కో వెళ్లేసరికి దానికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్లుంటాయి, అంటే సరిగ్గా కీళ్ల నొప్పులూ మందులూ మొదలయ్యే వయసు. అప్పుడు పొద్దున ఆరింటికి కిందకి తీసుకెళ్లేది మీరే. అసలు అప్పటిదాకా ఎందుకు, రెండో నెల నుంచే మీరే తిప్పాలి. ఇందులో పిల్లని తప్పుపట్టేదేం లేదు, ఎదురుగా పిల్లి కనపడితే లాక్కుపోయే కుక్కని రోడ్డు మీద పట్టుకునే బలం ఆ వయసులో ఎవరికీ ఉండదు.

ఇంకోటి, చాలామంది ఇల్లు చిన్నది కదా చోటు సరిపోతుందా అని అడుగుతారు. చోటుతో పెద్ద ఇబ్బంది లేదు, కుక్క రోజులో సగం పడుకునే ఉంటుంది, మాది సోఫా వెనకాల గోడకీ కర్టెన్‌కీ మధ్య ఉన్న సందులోనే పడుకుంటుంది. కావాల్సింది మనిషి. రెండు మూడు నెలల కుక్కపిల్ల ఉచ్చ రెండు మూడు గంటలకి మించి ఆపుకోలేదు, మీరు తొమ్మిదింటికి బయల్దేరి ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని రాత్రి ఏడున్నరకి తలుపు తీస్తే అంతసేపు అది ఒక్కతే ఏం చేస్తుంది చెప్పండి, ఏడుస్తుంది, చెప్పులు కొరుకుతుంది, పక్క ఫ్లాట్ వాళ్లు అసోసియేషన్ గ్రూప్‌లో మెసేజ్ పెడతారు. మేం ఏం చేశామంటే ఆఫీసు రోజులు వేరు చేసుకున్నాం, నేను వెళ్లే రోజు మా ఆయన ఇంట్లో, ఆయన వెళ్లే రోజు నేను. ఇద్దరికీ తప్పని రోజు వాచ్‌మన్ వాళ్లావిడ మధ్యాహ్నం వచ్చి ఒక చుట్టు తిప్పి తీసుకొస్తుంది, ఆమెకి నెలనెలా డబ్బులిస్తాం. ఈ ఏర్పాటు కుదరకపోతే ఇప్పుడప్పుడే వద్దనే చెప్తాను.

కుదిరితే మాత్రం కుక్కపిల్లని కాకుండా ఏడాదిన్నరో రెండేళ్లో నిండిన ఇండీని చూడండి అని నా గట్టి అభిప్రాయం. పెద్దదైతే ఎంత ఎత్తుంటుందో, పిల్లలతో ఎలా ఉంటుందో, ఒంటరిగా ఉండగలదో లేదో ముందే తెలిసిపోతుంది. కూపా అనే జంతు సంరక్షణ సంస్థ 1991 నుంచి ఇక్కడే పనిచేస్తోంది, వాళ్లు కాకుండా ప్రతి ఏరియాలో రెస్క్యూ చేసేవాళ్లు ఉన్నారు, దత్తతకి ఇస్తారు. లేదు లాబ్రడారే కావాలి అంటే బ్రీడర్‌గా రిజిస్టర్ అయిన కాగితం చూపించమని అడగండి, కుక్కల బ్రీడింగ్, అమ్మకాల మీద వచ్చిన 2017 రూల్స్ ప్రకారం అది ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు కూడా. నలభై రోజుల పిల్లని అట్టపెట్టెలో పెట్టి ఏ ఫ్లైఓవర్ కిందో చేతికిస్తాను అనేవాడి దగ్గర అస్సలు కొనొద్దు, పార్వో వైరస్ తగిలిన కుక్కపిల్లలు అలాగే వస్తాయి, వాంతులు, రక్త విరేచనాలు, చూడలేం. టీకాలు ఆరెనిమిది వారాలప్పుడు మొదలుపెట్టి నాలుగు నెలలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తారు, రేబిస్‌ది మూడు నెలలకి, తర్వాత డాక్టర్ చెప్పిన తేదీలకి. ఆ కోర్సు అయ్యేదాకా పిల్లని రోడ్డు మీద దించకూడదు.

ఇక రోజువారీ. బెంగళూరులో పొద్దున వాకింగ్ అంటే కళ్లన్నీ నేల మీదే ఉండాలి. ఆదివారం రాత్రి ఎవరో బిర్యానీ తిని కవరు చెట్టు మొదట్లో పారేస్తారు, సోమవారం పొద్దున అక్కడికి వెళ్లేసరికి చుక్కి మెడ ఒక్కసారిగా కిందకి పోతుంది, నేను తాడు లాగేలోపే ఎముక నోట్లో ఉంటుంది. ఉడికించిన కోడి ఎముక సూదుల్లా చీలుతుంది, పేగుల్లో గుచ్చుకుంటే ఆపరేషన్ దాకా పోతుంది, కాబట్టి వదిలెయ్యడానికి లేదు. బుగ్గల వెనక నుంచి బొటనవేలూ చూపుడువేలూ నొక్కి దవడ తెరిచి తీస్తాను, చెయ్యంతా జొల్లు. ఎన్ని నెలలు నేర్పినా పది సార్లలో మూడు సార్లు ఇప్పటికీ వినదు, నాకు దీనికంటే విసుగు పుట్టించేది ఇంకోటి లేదు. చెత్త వేసేవాళ్ల మీద వచ్చే కోపం సరే సరి.

విసుగు అది, భయం మాత్రం పిడుదులంటే. ఇక్కడి వాతావరణం పెద్ద ఎండా కాదు పెద్ద చలీ కాదు, ఏడాది పొడుగునా ఉంటాయి, వాన తగ్గి ఎండ కాసే రోజుల్లో మరీను. రోజూ రాత్రి పడుకునేముందు దాన్ని ఒడిలో వేసుకుని వెతుకుతాను, చెవి మడతల్లో, బెల్టు కింద, కాలివేళ్ల సందుల్లో, తోక మొదట్లో. చేత్తో నలపకూడదు, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగి సబ్బు నీళ్లలోనో స్పిరిట్‌లోనో వెయ్యాలి. అవి గోడ పగుళ్లలో, మంచం కోళ్ల సందుల్లో కూడా గుడ్లు పెడతాయి కాబట్టి కుక్కకి మందు వేసి ఇల్లు వదిలేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

ఒకసారి చుక్కికి జ్వరం వచ్చింది. రాగి సంగటి అంటే దానికి ప్రాణం, మా అనంతపురం అలవాటు, ఉప్పు లేకుండా చేసి చికెన్ ఉడికించిన నీళ్లు కలిపి పెడతాను. ఆ రోజు గిన్నె పెడితే వాసన చూసి మొహం తిప్పుకుని వెళ్లి గోడ వారన పడుకుంది. మొదట చూపించిన క్లినిక్‌లో ఎండకి అయ్యుంటుందని ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. మర్నాటికి చిగుళ్లు ఎత్తి చూస్తే గులాబీ రంగు పోయి పాలిపోయి ఉన్నాయి, ఒళ్లు కాలిపోతోంది, కుక్కకి మామూలుగానే 101, 102 ఉంటుంది, దానికి 104 దాటింది. వేరే డాక్టర్ రక్తం తీసి చూస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, ఎర్లీకియా, పిడుదు కుడితే వచ్చే జ్వరం. డాక్సీసైక్లిన్ 28 రోజులు, ఖాళీ కడుపుతో ఇస్తే వాంతి చేసుకుంటుంది కాబట్టి ఏదో ఒకటి తినిపించాకే. ఇడ్లీ ముక్కలో మాత్ర పెట్టి ఇస్తే ఇడ్లీ తిని మాత్ర నేల మీద పెట్టేది, పనీర్‌లో పెట్టాక కుదిరింది. నాలుగో రోజు తోక కొద్దిగా కదిలిస్తే నేను వంటింట్లో నిలబడి ఏడ్చేశాను. అందుకే చెప్తున్నా, కుక్క ఒక పూట తినకపోతే సరే, రెండో పూట కూడా వద్దంటే రక్తపరీక్ష చెయ్యమని మీరే అడగండి. ఇప్పుడు పిడుదులకి బరువుని బట్టి ఇచ్చే మాత్రలు వచ్చాయి, కొన్ని నెలకోసారి, కొన్ని మూడు నెలలకోసారి, ఖరీదే కానీ అందులో పొదుపు చెయ్యొద్దు.

తిండి గురించి మన ఇళ్లకి సంబంధించి ముఖ్యమైనది ఉల్లిపాయ. పప్పులో, పులుసులో, చికెన్ కూరలో అన్నిట్లో ఉంటుంది, అది వండినా సరే కుక్క ఎర్ర రక్తకణాల్ని పాడుచేస్తుంది, వెల్లుల్లీ అంతే. పాయసంలో కిస్మిస్‌లు, ద్రాక్ష కిడ్నీలకి చేటు, చాక్లెట్ సరేసరి. మీ ఇంటికి వచ్చే బంధువులందరికీ ఇది చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ప్రేమతో పెడతారు, వద్దంటే బాధపడతారు.

అపార్ట్‌మెంట్ విషయం. మా అసోసియేషన్‌లో ఒకసారి కుక్కలు లిఫ్ట్ ఎక్కకూడదని నోటీసు అంటించారు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రింట్ తీసి సెక్రటరీకి ఇచ్చాం, పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి గానీ లిఫ్ట్ వద్దనడానికి గానీ అసోసియేషన్‌కి అధికారం లేదని అందులో ఉంది. నోటీసు తీసేశారు. కానీ చట్టం మన వైపు ఉందని తల ఎగరేస్తే కుదరదండి, రోజూ ఆ మొహాలే చూడాలి. మా పై ఫ్లోర్‌లో ఒకామెని చిన్నప్పుడు కుక్క కరిచింది, ఆమె లిఫ్ట్‌లో ఉంటే మేం తర్వాతి దానికి ఆగుతాం, అది మర్యాద. దొడ్డికి వెళ్తే కవర్లో తీసి డబ్బాలో వెయ్యడం కూడా తప్పనిసరి, ఇది చెయ్యనివాళ్ల వల్లే మిగతావాళ్లందరికీ చెడ్డపేరు. కార్పొరేషన్ లైసెన్స్ కూడా తీసుకోండి, రేబిస్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు.

పండగలకి ఊరు వెళ్లడం అసలు చిక్కు. రైల్లో ఫస్ట్ ఏసీలో కూపే, అంటే ఇద్దరికి సరిపడే గది, మొత్తం మనమే బుక్ చేసుకుంటే కుక్కని వెంట తీసుకెళ్లొచ్చు, లేదంటే బ్రేక్ వ్యాన్‌లో బోనులో పెట్టాలి, ఆ రెండోది నా మనసు ఒప్పుకోదు. మేం కారులోనే చిక్కబళ్లాపుర, బాగేపల్లి మీదుగా ఊరు పోతాం, మధ్యలో ఆపి నీళ్లు పట్టి నడిపిస్తాం. మా అమ్మ కుక్కని ఇంట్లోకి రానివ్వదు, దేవుడి గది ఉందని, వరండాలో గోనెసంచి పరిచి పెడుతుంది, ఎన్నిసార్లు వెళ్లినా అంతే. నాకు కష్టంగానే ఉంటుంది, కానీ అది ఆమె ఇల్లు. పెళ్లిళ్లకి తీసుకెళ్లలేం కదా, అప్పుడు బోర్డింగ్‌లో పెడతాం, రోజుకి 800 దాకా అవుతోంది, సంక్రాంతికి అయితే నెల ముందే చెప్పుకోవాలి. దీపావళికి మాత్రం మేం ఎక్కడికీ కదలం. రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పినా మా వీధిలో అర్ధరాత్రి దాకా మోగుతూనే ఉంటాయి, చుక్కి బాత్రూంలో బకెట్ వెనక దూరి వణుకుతుంది, కిటికీలన్నీ మూసి ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి నేనూ అక్కడే నేల మీద కూర్చుంటాను. ఆ వారమంతా మెడలో ఫోన్ నంబర్ బిళ్ల తియ్యకండి, భయంతో పారిపోయే కుక్కలు అప్పుడే ఎక్కువ.

ఇంత చదివి వద్దులే అనిపిస్తుందేమో, సంతోషం సంగతి కూడా చెప్పాలి. మా మామగారు రిటైరయ్యాక నరసరావుపేట నుంచి వచ్చి ఏడాదిలో కొన్ని నెలలు మా దగ్గర ఉంటారు. మొదట్లో ఆయనకి ఇక్కడ ఎవరూ తెలీదు, కన్నడ రాదు, పొద్దున్నుంచి రాత్రిదాకా టీవీ ముందే. చుక్కి వచ్చాక సాయంత్రం నాలుగయ్యేసరికి అది వెళ్లి ఆయన చెప్పుల దగ్గర నిలబడేది. అలా కిందకి వెళ్లడం మొదలై, పొమెరేనియన్‌ని తిప్పే ఒక కన్నడ పెద్దాయనతో స్నేహం కలిసింది, ఈయన తెలుగులో ఆయన కన్నడలో రాజకీయాలూ మోకాళ్ల నొప్పులూ గంటసేపు మాట్లాడుకుంటారు, రెండు కుక్కలూ బెంచీ కింద పడుకుని ఉంటాయి. మామగారి షుగర్ కూడా అదుపులోకి వచ్చింది, నడక వల్లే అని నేను అనుకుంటాను. నా సంగతికొస్తే, ఆఫీసులో ఎంత చెత్త రోజైనా సరే, లిఫ్ట్ మా ఫ్లోర్‌లో ఆగిన చప్పుడికే లోపల గోళ్లు టకటకలాడటం వినిపిస్తుంది, తలుపు తీస్తే నోట్లో నా పాత సాక్సు పట్టుకుని ఒళ్లంతా ఊపుకుంటూ నిలబడుతుంది. ప్రతి రోజూ అంతే, ఒక్కరోజు కూడా తక్కువ చెయ్యదు. ఆదివారాలు కబ్బన్ పార్క్‌లోకి బండ్లు రానివ్వరు కాబట్టి తాడు కట్టి తీసుకెళ్తే వెదురు పొదల కింద వాసనలు చూసుకుంటూ తిరుగుతుంది, మాకూ అదే వారంలో మంచి పూట.

మీ పాపకి మాత్రం ముందే మూడు నేర్పండి: తినేటప్పుడు ముట్టుకోకూడదు, నిద్రలో ఉంటే లేపకూడదు, గట్టిగా కావలించుకోకూడదు. వీధి కుక్క గానీ ఏ కుక్కైనా గానీ పన్ను దిగినా గీరినా ఇంట్లో దాచిపెట్టకుండా చెప్పాలని కూడా చెప్పండి, వెంటనే సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు.

ఖర్చు మాకైతే ఇంటి వంటే కాబట్టి నెలకి మూడు నాలుగు వేలు, జబ్బు చేస్తే లెక్క వేరు. లాబ్రడార్ ఇంతకంటే బాగా తింటుంది, వెంట్రుకలూ రాలుతాయి.

ఇంకా తేల్చుకోలేకపోతే రెస్క్యూ వాళ్లని ఫాస్టర్ కోసం అడగండి, కొన్ని వారాలు ఇంట్లో ఉంచుకుని చూసుకోవచ్చు, దానికీ ఒక ఇల్లు దొరికినట్టు ఉంటుంది. మీది అద్దె ఫ్లాట్ అయితే అంతకంటే ముందు ఓనర్‌తో మాట్లాడి కుక్క ఉంటుందని అగ్రిమెంట్‌లో రాయించుకోండి, నోటి మాట మీద తెచ్చుకోవద్దు.