వీసా వచ్చేసింది, ఇంక ఎక్కేయొచ్చా?

ప్రశ్న: నా పాస్‌పోర్ట్ ఇంకా 4 నెలలు ఉంది, వీసా కూడా వచ్చేసింది. అయినా ఫ్లైట్ ఎక్కనివ్వరేమో అంటున్నారు, నిజమేనా? వీసా మీద ఏడాది గడువు, పక్కనే 30 రోజులు అని ఇంకోటి రాసుంది, ఏది లెక్క?

జవాబు: నిజమేనండి, ఎక్కనివ్వకపోవచ్చు. చాలా దేశాలు పాస్‌పోర్ట్‌కి కనీసం 6 నెలల గడువు ఉండాలంటాయి, షెంగెన్ దేశాలకైతే (ఒకే వీసాతో తిరగగలిగే ఫ్రాన్స్, జర్మనీ లాంటి యూరప్ దేశాలు) అక్కణ్ణుంచి తిరిగొచ్చే రోజు తర్వాత 3 నెలలు చాలు కానీ ఆ పాస్‌పోర్ట్ ఇచ్చి 10 ఏళ్ళు దాటకూడదు. కాగితాలు సరిగ్గా లేనివాళ్ళని తీసుకెళ్తే ఎయిర్‌లైన్‌కే ఫైన్ పడుతుంది, అందుకే చెక్ ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, వాళ్ళ మీద అరిచి లాభం లేదు.

ఇక ఆ ఏడాది సాధారణంగా వీసా వాడుకోవడానికి గడువు, 30 రోజులేమో వెళ్ళాక అక్కడ ఉండగలిగేది, ఈ రెండూ కలిపేసుకుని ఎక్కువ రోజులు ఉండిపోయి ఇబ్బంది పడేవాళ్ళు బోలెడుమంది. దిగాక ఇమిగ్రేషన్ వాళ్ళు స్టాంప్ మీద తేదీ వేస్తే అదే ఫైనల్. సింగిల్ ఎంట్రీ అని ఉంటే మాత్రం పక్క దేశం ఒక్కరోజు చూసొద్దామని బయటికెళ్ళారా, మళ్ళీ లోపలికి రానివ్వరు, 30 రోజుల్లో ఎన్ని మిగిలున్నా సరే.

మధ్యలో ఫ్లైట్ మారేటప్పుడు లగేజ్ తీసుకుని మళ్ళీ చెక్ ఇన్ చెయ్యాల్సొస్తే ట్రాన్సిట్ వీసా (దారిలో ఆగే ఆ దేశం వీసా) అడగొచ్చు, విడివిడిగా టికెట్లు కొన్నవాళ్ళు ఇది ముందే చూస్కోండి. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి. మీరైతే ముందు పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకోండి, పాతదాంట్లో ఉన్న వీసా చెల్లుతుందో లేదో ఆ దేశం ఎంబసీనే అడగండి, అమెరికా లాంటివి రెండు పాస్‌పోర్ట్‌లూ కలిపి చూపిస్తే ఒప్పుకుంటాయి.