లారెల్, హార్డీల పాత రికార్డులు సేకరించబోతున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీకాంత్‌కు మావయ్య ఆశీస్సులు.

పాత హాలీవుడ్ సినిమాల హాస్యజంట లారెల్, హార్డీల గొంతులున్న పాత రికార్డులు సేకరించి కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. నీవు ఇంగ్లండ్‌లో ఉన్నావు కనుక ఇక్కడ హైదరాబాదులో కూర్చున్న మాకంటే నీకు ఈ పని తేలిక. స్టాన్ లారెల్ పుట్టిన అల్వర్‌స్టన్, అక్కడ ఆ జంట పేరిట ఉన్న మ్యూజియం నీకు ఒక పూట ప్రయాణమే. డబ్బు ఖర్చు పెట్టే ముందు అక్కడికి వెళ్లిరా.

కొనేముందు చేతిలోని రికార్డు ఏ జాతిదో తేల్చుకోవాలి. వాళ్లు కంటికి నవ్వు పుట్టించినవాళ్లు; వినడానికే ప్రత్యేకంగా చేసినవి బహు కొద్ది. 1932లో సెలవు గడుపుదామని బ్రిటన్ వచ్చి, ఎక్కడికి వెళితే అక్కడ జనం విరగబడటంతో ఆ సెలవు కాస్తా ఊరేగింపుగా మారిన ప్రయాణంలో, కొలంబియా కంపెనీ వారు లండన్‌లో వారిద్దరి చేత మాట్లాడించి ఒక 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు ప్లేటు) విడుదల చేశారు. ఒకవైపు వారి సంభాషణ ఉంటుంది, రెండోవైపు వారి సినిమాలకు గుర్తుగా మార్విన్ హాట్లీ కట్టిన కుకూ పిట్ట బాణీని డాన్స్ బ్యాండు వాయిస్తుంది. నీ సేకరణకు ఇదే మూలస్తంభం అవుతుంది. రేడియో కోసం చేసిన ఒకటి రెండు నమూనా కార్యక్రమాలు కూడా మిగిలి ఉన్నాయి, కానీ అవి ధారావాహికగా నడవలేదు.

తక్కినదంతా సినిమా నుంచి తీసినదే. అందులో అన్నిటికంటే విలువైనది 1930 నాటి ‘ది రోగ్ సాంగ్’. లారెన్స్ టిబెట్ కథానాయకుడిగా మెట్రో గోల్డ్‌విన్ మేయర్ వారు రంగుల్లో తీసిన ఆ చిత్రంలో వీరిద్దరూ హాస్యపాత్రలు వేశారు. ఫిల్ము ముక్కలుగా తప్ప దొరకలేదు గాని, ఆ రోజుల్లో థియేటర్లలో బొమ్మతో పాటు తిప్పే పెద్ద ప్లేట్ల మీద దాని శబ్దం నిలిచింది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఆ ప్లేటు ఒక్కొక్కటి ఒక రీలుకు సరిపోయేది. అటువంటి అసలు ప్లేటు నీ దాకా వస్తుందని ఆశ పెట్టుకోకు. వస్తే ఇంట్లో తిప్పకుండా ఏదైనా భాండాగారానికి చూపించు.

ఇక 1937 నాటి వారి సినిమా ‘వే అవుట్ వెస్ట్’లోని ‘లోన్‌సమ్ పైన్’ పాట. సినిమా శబ్దం నుంచి తీసిన ఆ పాటను 1975లో చిన్న రికార్డుగా వేస్తే అది బ్రిటన్ అమ్మకాల పట్టికలో రెండో స్థానానికి ఎక్కింది. అంత అమ్ముడుపోయిన వస్తువు కనుక పాత సామాన్ల దుకాణాల్లో సులువుగానే దొరుకుతుంది; ఎవరైనా దాన్ని అపురూపమని చెప్పి పెద్ద ధర అడిగితే నవ్వి ఊరుకో.

78 రికార్డు లక్కతో చేసినదని మరువకు. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లోనే కరిగించి పాలిష్ పెడతారు. కనుక ఎల్పీలను (తరువాతి కాలపు వినైల్ ప్లేట్లను) తుడిచే స్పిరిట్ కలిసిన ద్రవం దీని మీద పడితే గాడులు కరిగిపోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క మెత్తని సబ్బు వేసి, లేబుల్ తడవకుండా గాడి వెంటే తుడిచి, వెంటనే మెత్తని గుడ్డతో తేమ తీసేయాలి. ఎల్పీ ముల్లు సన్నం కనుక 78 గాడి అడుగున పడి చెత్తను గోకుతూ పోతుంది. దానికి సుమారు మూడింతల వెడల్పున్న 78 ముల్లు వేరే కొనుక్కోవాలి. ఎల్పీ కోసం చేసిన ఆంప్లిఫయరు తనంతట తాను చేసే స్వర సవరణ (మంద్ర, తార స్వరాల పాళ్లు సరిచేయడం) కూడా 1932 రికార్డుకు నప్పదు. ఆ సవరణను మార్చుకునే వీలున్న పరికరం చూసుకో.

వేగం సంగతి కూడా ఉంది. 78 అని రాసి ఉన్నా ఆనాటి రికార్డులు కచ్చితంగా ఆ వేగంలోనే కోయబడ్డాయని నమ్మకం లేదు. మాటలు విని వేగం పట్టుకోవడం కష్టం, అందులోనూ లారెల్ గొంతు సహజంగానే పలచన. అందుకని ముందు బ్యాండు వైపు తిప్పి, వాద్యాల శ్రుతికి వేగం సరిచేసి, ఆ తరువాతే సంభాషణ వైపు ఎక్కించు.

ఇప్పుడు నేను గట్టిగా పట్టుబట్టే విషయం. ఎక్కించిన ఫైలును, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ రూపంలో (అంటే శబ్దాన్ని కుదించకుండా దాచే రూపంలో), చరచరలతో సహా ముట్టుకోకుండా దాచాలి. శుభ్రం చేయడం నకలు మీదనే చేయాలి, అదీ మితంగా చేయాలి. ఈ జంట హాస్యమంతా జాగులో ఉంది. హార్డీ ఒక మాట అంటాడు, లారెల్‌కు అది ఎక్కడానికి ఒక క్షణం పడుతుంది, ఆ క్షణంలోనే మనకు నవ్వు వస్తుంది. రొద తీసే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఖాళీలో హార్డీ విసుగ్గా వదిలిన ఊపిరికీ ముల్లు రొదకూ తేడా తెలియదు. రెండూ తుడిచేసి అక్కడ ఒక చచ్చిన నిశ్శబ్దం మిగులుస్తుంది. పైన చెప్పిన పాటనే తీసుకో: లారెల్ ఉన్నట్టుండి బొంగురు గొంతుతో అందుకుంటాడు, ఆ గొంతు నిజానికి నటుడు చిల్ విల్స్‌ది, హార్డీ కొయ్య సుత్తితో నెత్తిమీద ఒక్కటి వేయగానే అదే నోట ఆడగొంతు పలుకుతుంది, అది నటి రోసినా లారెన్స్‌ది. బొమ్మ లేకుండా వినేవాడికి ఆ ‘టక్’ మన్న దెబ్బే సమస్తమూ చెబుతుంది. టిక్కు టిక్కులను ఏరివేసే మీట కాస్త ఎక్కువ తిప్పావంటే సాఫ్ట్‌వేర్ ఆ సుత్తిదెబ్బను కూడా గీత అనుకుని నున్నగా చెరిపేస్తుంది. కనుక ఏది తీసేశామో దాన్ని విడిగా కూడా విను. అందులో మాట గాని, ఊపిరి గాని, దెబ్బ గాని వినబడితే మీట వెనక్కి తిప్పు.

ప్రతి ఫైలుతో పాటు లేబుల్ రెండువైపుల ఫోటో, లేబుల్ చుట్టూ నున్నటి చోట చెక్కిన అంకెలు, వాడిన ముల్లు, పెట్టిన వేగం, ఎక్కించిన తేదీ రాసి ఉంచు. మొదటి 78 దొరకగానే శుభ్రం చేయని ఫైలునే నాకు పంపు, కలిసి విందాం.

ఇట్లు,
మీ మావయ్య