మిట్టమధ్యాహ్నం చెట్టు మొహం చూడొద్దు

అమ్మాయ్,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఆ బీరపాదు ఆకులు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయని నీ కంగారు. ఫోటోలో నీడలు పొట్టిగా ఉన్నాయి. ఒంటిగంట అటూఇటూ తీసుంటావు. ఆ వేళప్పుడు ఒంగోల్లో మిద్దె మీద నిలబెడితే నువ్వూ అట్లాగే వాలిపోతావు.

ఎండ బాగా ముదిరినప్పుడు ఆకులోంచి ఆవిరయ్యే నీళ్లని వేరు అంత వేగంగా అందించలేదు. అందుకని ఆకు వాలుతుంది. వాలితే ఎండ నేరుగా తగలదు. అది చెట్టు తనకి తాను పట్టుకున్న గొడుగు. బీర, సొర, గుమ్మడి లాంటి వెడల్పాకు పాదులు మరీ గోల చేస్తాయి. పొద్దుగూకాక లేచి నిలబడితే దానికేం జబ్బు లేదు. తెల్లారి ఆరింటికి కూడా వాలే ఉంటే అప్పుడు భయపడు. అందుకే మధ్యాహ్నం చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

నేను చేసిన తప్పు చెప్తా విను. కావలి వచ్చిన కొత్తలో నా బొండుమల్లె వాడిందని రోజుకి మూడుసార్లు నీళ్లు కుమ్మరించా. ఇంకా వాడింది. ఇంకా పోశా. ఆకులు పసుపెక్కి రాలాక కుండీ బోర్లిస్తే వేళ్లు నల్లగా కుళ్లి మురుగు వాసన. మట్టి నానిపోతే వేరుకి గాలాడదు. గాలాడని వేరు నీళ్లు పీల్చదు. దాంతో నీళ్లలో ఉండి కూడా చెట్టు దాహంతో చస్తుంది. దాహంతో వాడినా, నీళ్లెక్కువై వాడినా పైకి ఒకేలా కనిపిస్తుంది. అందుకని ముందు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చు. చెమ్మ తగిలితే చెంబు కింద పెట్టు.

పొడిగా ఉంటే నీళ్లు పొయ్యి, అదీ పొద్దు పొడవకముందే. మిద్దె మీద ట్యాంకులో నీళ్లు సాయంత్రానికి స్నానానికి కాగబెట్టినట్టుంటాయి. పైపులో నిలిచినవి ఇంకా ఘోరం. మొదటి బకెట్ పక్కకి వదిలేసి, చేతికి చల్లగా తగిలాక చెట్టుకి పట్టు. పోసిన నీళ్లు వెంటనే కుండీ అడుగు నుంచి కారిపోతే చెట్టు తాగిందనుకునేవు. మట్టి ఎండి బిగుసుకుని అంచు వదిలేసుంటుంది, నీళ్లు ఆ సందులోంచి జారిపోతాయి. అట్లాంటి కుండీని టబ్బు నీళ్లలో అరగంట కూర్చోబెట్టి, తీసి ఓడ్చు.

మీ బోరు నీళ్లు ఉప్పు కదా! ఆకు అంచులు మాడి పెళపెళలాడుతూ, మట్టి మీద తెల్లగా పొర కట్టుంటే అది ఎండ పని కాదు, ఉప్పు పని. ఆ పొర గీకి పారేసి, దొరికినప్పుడు మంచినీళ్లు అడుగునుంచి కారేదాకా ఒక్కసారి ధారాళంగా పట్టించు. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు వృథా అవుతున్నాయని చెట్లకి పోస్తున్నావేమో, ఆపెయ్. బోరు ఉప్పంతా చిక్కబడి చేరేది వాటిలోనే. ఏసీ నుంచి బొట్లుబొట్లుగా కారే నీళ్లు పట్టు. వాటిలో ఉప్పుండదు.

మన వైపు చెట్లని చంపేది ఎండకన్నా పడమటి గాలి. సాయంత్రానికి సముద్రపు గాలి తిరిగిన రోజు పర్వాలేదు, తిరగని రోజు రాత్రి కూడా సెగే. నీడకి పైన యాభై శాతం షేడ్‌నెట్ కట్టావు, బాగుంది. పడమర వైపు కూడా ఒక అడ్డం కట్టు. పాత నేతచీరైనా చాలు, మీ అమ్మ బీరువాలో దొంతర్లున్నాయి. కుండీలని గుంపుగా చేర్చి, కాలే గచ్చు మీద కాకుండా ఇటుకల మీద పెట్టు. మట్టి మీద వరిగడ్డో వేరుశనగ పొట్టో నాలుగు వేళ్ల మందాన పరుచు, కాండానికి మాత్రం ఆనించకు. హైదరాబాదు వాళ్ల వీడియోలు చూసి జూన్‌లో ఇవన్నీ పీకేయకు. మనకి గట్టి వానలు అక్టోబరు నుంచే.

వాడిన చెట్టుకి బలమని ఎరువు మాత్రం వెయ్యకు. కొమ్మలూ కత్తిరించకు, ఉన్న ఆకే దానికి నీడ.

ఇక ఆ వంగమొక్క సంగతి. మిగతావన్నీ సాయంత్రానికి లేస్తున్నా అదొక్కటే, పచ్చగా ఉండి కూడా, లేవడం లేదన్నావు. మొదలు దగ్గర ముక్క కోసి గాజుగ్లాసు నీళ్లలో వేలాడదీసి చూడు. కాసేపటికి కోతలోంచి పాలలాంటి తీగలు కిందికి దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. దానికి మందు లేదమ్మా. మట్టితో సహా తీసి పారెయ్, ఆ కుండీలో మళ్లీ వంగ, టమాటా, మిరప పెట్టకు. కోసిన కత్తిని కడక్కుండా పక్క మొక్క దగ్గరికి పోవద్దు. వేళ్ల మీద ఉలవగింజల్లా బుడిపెలు కనిపిస్తే అది నులిపురుగు, వేరే కథ.

రేపు పొద్దున్నే ఆరింటికి బీరపాదు ఫోటో తీసి పంపు. ఆ ఫోటో చూశాకే మిగతా మాటలు.

మీ పెద్దమ్మ