కార్బన్ టియాగ్రానా, అల్యూమినియం 105నా? దానికంటే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న ఇదీ కదా: బడ్జెట్ ఇంతకు మించి కదలదు. కొనేది ఒక్కటే రోడ్ బైక్. రోజూ ఆఫీసుకీ, ఆదివారం లాంగ్ రైడ్‌కీ, అప్పుడప్పుడు కొండ ఎక్కడానికీ అదే పనికి రావాలి. ఒకే ధరకి కార్బన్ ఫ్రేమ్‌తో షిమానో కంపెనీ టియాగ్రా గేర్లు ఉన్నది ఒకటి, అల్యూమినియం ఫ్రేమ్‌తో అదే కంపెనీ 105 గేర్లు (టియాగ్రా కంటే ఒక మెట్టు పైవి) ఉన్నది ఒకటి దొరుకుతున్నాయి. ఏది కొనాలి?

రెండూ మంచివే. కానీ మీరు ఇంత వివరంగా రాసిన దాంట్లో మీ ఎత్తు లేదు, లోకాలి కొలత (తొడల మొదలు నుంచి నేల దాకా) లేదు, ఆ ఫ్రేమ్‌లలో ఎంత వెడల్పు టైరు పడుతుందో లేదు. ఫ్రేమ్ దేంతో చేశారు, గేర్ల మీద ఏ పేరుంది, ఈ రెండే ఉన్నాయి. ఇందులో మీ తప్పేం లేదు. వీడియోలు చేసేవాళ్ళూ, షాపులవాళ్ళూ, తోటి రైడర్లూ అందరూ ఈ రెండింటి గురించే మాట్లాడతారు.

నేను పాటించే లెక్క వేరు. తర్వాత మార్చుకోలేని వాటి మీద ముందు డబ్బు పెట్టాలి. ఫ్రేమ్ సైజు, దాని జామెట్రీ (గొట్టాల పొడవులూ కోణాలూ), టైరుకి ఉన్న జాగా, బ్రేకు రకం, ఇవి కొన్న రోజు ఎలా ఉంటాయో ఆ సైకిల్ ఉన్నన్నాళ్ళూ అలాగే ఉంటాయి. చైన్, క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్ళచక్రాల గుత్తి), టైర్లు, సీటు, హ్యాండిల్ టేపు ఎలాగూ అరిగిపోతాయి. అరిగినప్పుడు మంచివి వేసుకోవచ్చు.

మా బావమరిది సంగతి చెప్తే ఇది ఎందుకంటున్నానో తెలుస్తుంది. వాడూ నేనూ ఇంచుమించు ఒకే ఎత్తు, కాళ్ళ పొడవూ దాదాపు అంతే. వాడు సైకిల్ కొనే రోజున షాపులో 54 సైజు లేదు, 56 ఉంది. "పొట్టి స్టెమ్ వేసి ఇస్తాం సార్, మీకు కరెక్ట్‌గా సెట్ అవుతుంది" అన్నారట. స్టెమ్ అంటే హ్యాండిల్‌ని సైకిల్‌కి పట్టి ఉంచే ముక్క. కార్బన్ ఫ్రేమ్. గ్రూప్‌సెట్, అంటే గేర్లూ బ్రేకుల సెట్టు, నాదానికంటే రెండు మెట్లు పైది. పైగా ధర కూడా కొంత తగ్గించారు. ఇంకేం కావాలి, వాడు సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాడు.

ఒక ఆదివారం ఇద్దరం చీకటితోనే బయల్దేరాం. దారిలో ఒక పెద్ద కొండ ఉంది. దాని మొదట్లో నీళ్ళు తాగడానికి ఆగితే, వాడు బాటిల్ మూత పట్టుకుని తిప్పుతున్నాడు, అది రావట్లేదు. బిగుసుకుపోయిందేమోనని నేను అందుకుంటే రెండు వేళ్ళకే వచ్చేసింది. అప్పుడు చూశాను వాడి చెయ్యి. చిటికెన వేలూ ఉంగరం వేలూ పక్కకి వాలిపోయి ఉన్నాయి. ముడవమంటే సగం ముడుస్తున్నాడు. "ప్రతిసారీ ఇంతే బావా, గంటన్నర దాటితే ఈ రెండు వేళ్ళూ నావి కావు" అన్నాడు.

అరచేతి మొదట్లో, చిటికెన వేలి వైపు అల్నార్ అనే నరం పోతుంది. ఒంటి బరువు చేతుల మీద పడి ఆ నరం గంటల తరబడి నొక్కుకుపోతే సరిగ్గా ఆ రెండు వేళ్ళే తిమ్మిరెక్కుతాయి. దూరాలు తొక్కేవాళ్ళలో బాగా కనిపించే బాధే ఇది. వాడు అప్పటికే జెల్ గ్లోవ్స్ కొన్నాడు, టేపు మీద టేపు చుట్టించాడు. హ్యాండిల్ పిడికిట్లో ఇమడనంత లావైంది గానీ తిమ్మిరి తగ్గలేదు.

అక్కడికక్కడే సైకిళ్ళు మార్చుకున్నాం. ఇద్దరివీ ఒకే రకం పెడల్స్ కాబట్టి ఇబ్బంది లేదు. సీటు ఎత్తు ఎలెన్ కీతో సరిచేసుకున్నాం. వాడి సైకిల్ ఎక్కి బ్రేకు హుడ్స్ (బ్రేకు లివర్ల పైనున్న రబ్బరు పిడులు) మీద చేతులు వెయ్యగానే నా మోచేతులు నిటారుగా బిగుసుకుపోయాయి. మెడ ఎత్తి పెడితేగాని రోడ్డు కనబడదు. స్టెమ్ మరీ పొట్టిది కావడంతో హ్యాండిల్ కాస్త కదిపితే చాలు, ముందు చక్రం అటూ ఇటూ పోతోంది. గేర్లు మాత్రం చాలా బాగా పడుతున్నాయి, ఆ మాట నిజమే చెప్పాలి. నా ముందు వాడు తొక్కుకుంటూ పోతున్నాడు. మోచేతులు మెత్తగా వంగి ఉన్నాయి, భుజాలు చెవుల దగ్గర్నుంచి కిందికి దిగాయి. కొండ సగానికి వచ్చేసరికి కబుర్లు మొదలుపెట్టాడు. అంతకుముందు రైడ్‌లో వాడు నోరు విప్పేవాడు కాదు. పైకి చేరాక చెయ్యి ముందుకు చాపి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, తెరిచి, మళ్ళీ ముడిచి చూసుకున్నాడు.

ఇంటికొచ్చాక రెండింటి జామెట్రీ చార్టులూ పక్కపక్కన పెట్టాం. పెడల్స్ తిరిగే నడి ఇరుసు నుంచి ఫ్రేమ్ ముందుభాగం ఎంత ముందుకి ఉందో రీచ్ చెప్తుంది, ఎంత ఎత్తులో ఉందో స్టాక్ చెప్తుంది. వాడి ఫ్రేమ్ రీచ్ 393 మి.మీ., స్టాక్ 560. నాది రీచ్ 376, స్టాక్ 573. అంటే వాడి ఫ్రేమ్ ముందుభాగం ఒకటిన్నర సెంటీమీటరు పైగా దూరం, సెంటీమీటరు పైగా కిందికి ఉంది. కాగితం మీద ఇదో తేడాయేనా అనిపిస్తుంది. పొట్టి స్టెమ్ దూరాన్ని కొంత తగ్గించింది కానీ ఎత్తుని ఏం చెయ్యలేకపోయింది. సైజు కుదరని చెప్పు ఎంత ఖరీదైనదైనా కరవక మానదు, సైకిలూ అంతే.

తమ దగ్గర మిగిలున్న సైజుని మనిషికి అంటగట్టే షాపులంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది తెలియక చేసే పని కాదు. సీటు ఎత్తు సరిచేసి చూపిస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, పార్కింగ్‌లో నాలుగు చుట్లు తిరిగితే ఏ నొప్పీ తెలియదు. అందుకే షాపుకి వెళ్ళేముందే మీ కొలతలు మీ దగ్గర ఉండాలి. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక లావు పుస్తకం పైకి గట్టిగా నొక్కి, దాని పైఅంచు నుంచి నేల వరకూ కొలవండి. ఆ కొలతని 0.883తో గుణిస్తే క్రాంకులు (పెడల్స్ బిగించే చేతులు) తిరిగే నడి ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఎంత ఉండాలో సుమారుగా వస్తుంది. లోకాలి కొలత 80 సెం.మీ. అయితే 70.6. పాత సూత్రమే, మొదలుపెట్టడానికి ఇప్పటికీ బాగా పనికొస్తుంది. టెస్ట్ రైడ్‌కి ముందు సీటు ఆ ఎత్తుకి పెట్టించి, కనీసం అరగంట తొక్కనివ్వమనండి. ఒప్పుకోని షాపులో కొనకండి.

54, 56 అనే అంకెల్ని మాత్రం నమ్మొద్దు. ఒక కంపెనీ 54 ఇంకో కంపెనీ 56కి దగ్గరగా ఉండొచ్చు. స్టాక్, రీచ్ అంకెల్నే పోల్చాలి. మీ పనికి ఎండ్యూరెన్స్ జామెట్రీ (హ్యాండిల్ కాస్త పైకీ దగ్గరికీ ఉండేది) చాలు. రేసు జామెట్రీ మీద కూర్చుని ఆఫీసుకి పోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఇక గేర్లు. షిమానో వరసలో క్లారిస్‌కి వెనక 8 పళ్ళచక్రాలు, సోరాకి 9, టియాగ్రాకి 10, ఇప్పుడొచ్చే 105కి 12. ఎన్ని ఉన్నాయన్నది కొండ మీద పెద్ద విషయం కాదు. అన్నిటికంటే తేలిక గేరు ఏదన్నదే విషయం. ముందు 50, 34 పళ్ళ చక్రాలు (50/34), వెనక 11 నుంచి 34 పళ్ళ దాకా (11-34) ఉంటే టియాగ్రా అయినా 105 అయినా 34కి 34 దొరుకుతుంది. నిమిషానికి 70 చుట్లు తొక్కితే ఆ గేరులో గంటకి దాదాపు 9 కిలోమీటర్ల వేగం వస్తుంది. వెనక 11-28 క్యాసెట్ ఉంటే అదే 70 చుట్లకి దాదాపు 11 కిలోమీటర్లు పోవాల్సి వస్తుంది. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలనుకుంటే, 8 శాతం వాలులో బరువుని పైకి లాగడానికే మొదటిదానికి 155 వాట్లు, రెండోదానికి 185కి పైన కావాలి. ఆ 30 వాట్ల తేడా కొండ చివర్లో మోకాళ్ళకి తెలుస్తుంది. అంచేత స్పెసిఫికేషన్ చదివేటప్పుడు గ్రూప్‌సెట్ పేరు దగ్గర ఆగకుండా క్యాసెట్ దాకా కిందికి చదవండి. చాలామంది చదవరు.

కార్బన్ బరువు తక్కువే. ఒక కిలో తేడా ఉందనుకోండి. మీరూ సైకిలూ కలిసి 85 కిలోలుంటే, గంటసేపు ఎక్కే కొండ మీద ఆ కిలో వల్ల కలిసొచ్చేది సుమారు 40 సెకన్లు. సమతలం మీద, కాస్త వేగం అందుకున్నాక, మీకు ప్రధానంగా అడ్డుపడేది గాలి. అందులో ఎక్కువ భాగం మీ ఒంటి మీద పడేదే. హాయిగా వంగి కూర్చోగలిగే ఫ్రేమ్ వల్ల వచ్చే లాభం ముందు ఆ కిలో ఏపాటిది? షాపులో రెండు వేళ్ళతో సైకిల్ ఎత్తి చూసి "అబ్బ, ఎంత తేలికో" అనేవాళ్ళని చూస్తే, సార్, ముందు ఎక్కి తొక్కి చూడండి అని బతిమాలాలనిపిస్తుంది.

టైరు జాగా గురించి గట్టిగా చెప్తున్నాను: కనీసం 32 మి.మీ. పట్టని ఫ్రేమ్ కొనొద్దు. మీరు 28తోనే తొక్కినా సరే. వెడల్పు టైరులో గాలి కొంచెం తక్కువ పెట్టుకోవచ్చు, గతుకులు చేతుల దాకా రావు. పైగా మీరు ఆఫీసుకి తొక్కుతానంటున్నారు. వానాకాలం మడ్‌గార్డులు కావాలి. అవి బిగిస్తే ఆ జాగాలో కొన్ని మిల్లీమీటర్లు పోతాయి. 28 మాత్రమే పట్టే ఫ్రేమ్‌కి మడ్‌గార్డు వేశాక 25తో సరిపెట్టుకోవాల్సి రావచ్చు. మడ్‌గార్డులకీ క్యారియర్‌కీ ఫ్రేమ్ మీద మర రంధ్రాలు ఉన్నాయో లేదో కూడా చూడండి. తేలికైన కార్బన్ ఫ్రేముల్లో చాలావాటికి ఉండవు.

బ్రేకులు హైడ్రాలిక్ డిస్క్ తీసుకోండి. వానలో రిమ్ బ్రేకు పట్టుకునేలోపు చక్రం ఇంకాస్త తిరిగిపోతుంది. రిమ్ బ్రేకు ఫ్రేమ్‌కి తర్వాత డిస్క్ బిగించే వీలుండదు.

నాకు అసలు మింగుడుపడనిది హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) లోపలి నుంచి కేబుళ్ళు పోనిచ్చే పద్ధతి. రేసు సైకిళ్ళలో గాలికి అడ్డు తగ్గించడానికి మొదలుపెట్టారు, సరే. ఇప్పుడు మామూలు ధర సైకిళ్ళకి కూడా అందం కోసం పెట్టేస్తున్నారు. బయట కేబుళ్ళుంటే స్టెమ్ మార్చడం నాలుగైదు బోల్టుల పని, ఇంట్లోనే అయిపోతుంది. లోపలి నుంచి పోతే చాలా సైకిళ్ళలో హెడ్‌సెట్ పై బేరింగ్ మార్చాలన్నా బ్రేకు గొట్టాలు విప్పాలి, మళ్ళీ ఆయిల్ నింపి గాలి తియ్యాలి. కొత్తగా కొన్నవాళ్ళు మొదటి కొన్ని నెలల్లో స్టెమ్, దాని కింది స్పేసర్లు (ఎత్తు మార్చే రింగులు) అటూ ఇటూ మార్చుకుంటూనే ఉంటారు, ఒంటికి కుదిరేది అలాగే దొరుకుతుంది. దానికే అడ్డం పెడితే ఎలా? రెండు మోడళ్ళు సమానంగా తూగితే కేబుళ్ళు బయటికి కనిపించేదే తీసుకోండి.

బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే బేరింగులు) మరలతో బిగించే రకమైతే ఇంకా మంచిది, ప్రెస్‌ఫిట్ కొన్నాళ్ళకి కిర్రుమనే అవకాశం ఎక్కువ. గేర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే యంత్రాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క) ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో రకం ఉంటుంది కాబట్టి కొన్న రోజే ఒకటి అదనంగా తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. సీటు నచ్చలేదని మంచి ఫ్రేమ్‌ని వదులుకోవద్దు. సీటు మారుతుంది.

బడ్జెట్ మొత్తం సైకిల్‌కే పెట్టేస్తే మిగతావాటికి ఏం చేస్తారు? ఈ తరహా సైకిళ్ళకి చాలావరకు పెడల్స్ ఉండవు, ఉన్నా నామమాత్రం. హెల్మెట్, పంపు, అదనపు ట్యూబులు, ప్యాడ్ ఉన్న షార్ట్స్, లైట్లు, తాళం, ఇవన్నీ మొదటి వారంలోనే కావాలి. పదో వంతైనా పక్కన పెట్టండి. అందులోంచే కంపెనీ వేసిన చవక టైర్లు తీసేసి మంచి టైర్లు వేయించండి. గ్రూప్‌సెట్‌లో ఒక మెట్టు పైకెళ్ళడం కంటే మంచి టైర్ల తేడా మొదటి కిలోమీటరులోనే తెలుస్తుంది, నేను చూసినవాళ్ళందరి అనుభవమూ ఇదే.

మీ రెండింట్లోనే ఒకటి చెప్పమంటే, రోజూ ఆఫీసు దగ్గర తాళం వేసి వదిలేసే సైకిల్ కాబట్టి అల్యూమినియం. పక్క సైకిల్ వచ్చి ఒరుసుకున్నా, స్టాండు నుంచి పడినా అంత టెన్షన్ పడక్కర్లేదు. కానీ నేను మీ స్థానంలో ఉంటే మూడోది వెతుకుతాను: అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, టియాగ్రా, హైడ్రాలిక్ డిస్క్, 32 మి.మీ. టైరు జాగా. 10 స్పీడ్ చైన్, క్యాసెట్ 12 స్పీడ్ వాటికంటే చవక, రోజూ తొక్కితే అవి తరచూ మార్చాలి. మిగిలిన డబ్బులో టైర్లూ పెడల్సూ వస్తాయి, ఒంటికి సైకిల్ కుదిర్చే మంచి ఫిట్టర్ దగ్గర ఒకసారి కూర్చోవడానికీ సరిపోవచ్చు.

మీ లోకాలి కొలత, ఎత్తు, చూస్తున్న మోడళ్ళలో మీకు చెప్పిన సైజు స్టాక్, రీచ్ అంకెలు ఇక్కడ రాయండి. ఏ సైజు నప్పుతుందో చూసి చెప్తాను. అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా కట్టకండి.