పాఠకుల ప్రశ్నలు: కార్చిచ్చు పొగ దారిలో ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. 2023 జూన్‌లో పట్టపగలే ఆకాశం నారింజ రంగుకు తిరిగిందని వీడియో పంపింది. తగలబడినవి కెనడా అడవులు కదా, పొగ అంత దూరం ఎలా వచ్చింది? పొగ వల్ల ఓజోన్ కూడా పెరుగుతుందని అక్కడి వార్తల్లో చెబుతున్నారట. ఓజోన్ మనల్ని కాపాడే పొర అని ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని నేను. ఇదేమిటి?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుంటూరు

జవాబు: ఆ రోజుల్లో క్విబెక్ రాష్ట్రంలో పెద్ద ఎత్తున కార్చిచ్చులు చెలరేగాయి. అదే సమయంలో అమెరికా ఈశాన్య తీరం వద్ద నిలిచిన అల్పపీడనం చుట్టూ తిరిగే గాలి ఆ పొగను నేరుగా దక్షిణానికి, అదీ నేలకు దగ్గరగా తోసింది. జూన్ 7న న్యూయార్క్‌లో గాలి నాణ్యత సూచీ ఒక దశలో 400 దాటింది. పొగలోని కణాలు చాలావరకు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) కంటే చిన్నవి. అవి నీలి కాంతిని చెదరగొట్టి, కొంత మింగి, ఎరుపు, నారింజ వెలుగులను మాత్రమే కిందికి రానిస్తాయి. వీడియోలో మీరు చూసిన రంగు అదే.

అయితే బయలుదేరిన పొగ, చేరిన పొగ ఒకటి కావు. కట్టెల పొయ్యి మీద వండినవారికి ఒక తేడా బాగా తెలుసు: ఎండుకట్టె భగ్గున మండితే పొగ తక్కువ, పచ్చికట్టె రాజుకోక కమిలితే కళ్లు మండిపోతాయి. అడవిలోనూ అంతే. మంట ఎగసిన చోట బొగ్గుపులుసు వాయువు, నైట్రోజన్ ఆక్సైడ్లు, నల్లని మసి ఎక్కువగా వస్తాయి. ఉత్తర అడవుల నేలలో పేరుకున్న నాచు, ఆకుల పొరలు రోజుల తరబడి కమిలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు ఫార్మాల్డిహైడ్, బెంజీన్ వంటి వందలాది సేంద్రియ ఆవిర్లు వెలువడతాయి. వీటి మీద ఎండ పడగానే అసలు రసాయన క్రియ మొదలవుతుంది. పొగలోని నైట్రస్ ఆమ్లాన్ని సూర్యకాంతి విడగొట్టి హైడ్రాక్సిల్ అనే చురుకైన ముక్కను విడుదల చేస్తుంది; అది ఆవిర్లను ఒక్కొక్కటిగా ఆక్సీకరిస్తుంది; అలా మారినవాటిలో కొన్ని ఆవిరిగా నిలవలేక కణాల మీద పేరుకుంటే, మరికొన్ని నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ఓజోన్‌కు దారి తీస్తాయి.

మీరు చెప్పిన పాఠం తప్పు కాదు. పదిహేను నుంచి ముప్పై కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఓజోన్ అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది; అదే అణువు మనం పీల్చే గాలిలో ఉంటే ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అణువులో మార్పేమీ లేదు, అది ఉన్న చోటే వేరు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆకాశం నారింజ రంగులో ఉన్న రోజున పొగే ఎండను ఆపేస్తుంది గనుక ఓజోన్ తయారీ మందగిస్తుంది. పొగ పలచబడి, చూడటానికి అంతా బాగున్నట్లే కనిపించే ఎండ రోజున, సేంద్రియ ఆవిర్లతో వచ్చిన ఆ గాలి నగరంలోని వాహనాల నైట్రోజన్ ఆక్సైడ్లను కలుసుకున్నప్పుడు ఓజోన్ ఎక్కువగా పుట్టవచ్చు. పైగా, పొగతో వచ్చిన నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా ఉంటాయి. వాటిలో కొంత భాగం పెరాక్సీఎసిటైల్ నైట్రేట్ అనే రూపంలో, పై చల్లగాలిలో చెక్కుచెదరకుండా వేల కిలోమీటర్లు ప్రయాణించి, వెచ్చని నేల వైపు దిగగానే విడిపోయి మళ్లీ నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. మీ అమ్మాయికి ఒక్క మాట చెప్పండి: సరిగ్గా పెట్టుకున్న ఎన్95 మాస్కు కణాలను ఆపుతుంది గాని ఓజోన్‌ను, ఫార్మాల్డిహైడ్‌ను ఆపదు. అలాంటి రోజుల్లో మధ్యాహ్నం పూట బయట పరుగు, ఆటలు మానుకోవడమే మేలు.

ప్రశ్న: కార్చిచ్చు పొగ పైనున్న ఓజోన్ పొరను కూడా దెబ్బతీస్తుందా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: తీస్తుంది, ఇది ఇటీవల బాగా తెలిసిన సంగతి. 2019 డిసెంబరు చివర, 2020 జనవరి మొదట్లో ఆగ్నేయ ఆస్ట్రేలియాలో కార్చిచ్చుల వేడికి ఉరుములు మెరుపులతో కూడిన మేఘాలు పుట్టి, పొగను ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లోకి నెట్టాయి. అక్కడ నల్లని మసి ఎండను పీల్చి చుట్టూ ఉన్న గాలిని వేడెక్కించడంతో పొగ తనంతట తానే ఇంకా పైకి లేచింది. సుమారు వెయ్యి కిలోమీటర్ల వెడల్పున్న ఒక పొగ సుడి 35 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లింది.

ఆ ఎత్తున క్లోరిన్ చాలావరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం రూపంలో, ఓజోన్ జోలికి పోకుండా ఉంటుంది. దానిని తట్టి లేపడానికి ధ్రువ ప్రాంతాల గడ్డకట్టే చలి కావాలని పుస్తకాలు చెబుతాయి. పాతబడిన పొగ కణాలలోని సేంద్రియ ఆమ్లాలలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం అంత చలి లేకపోయినా బాగా కరుగుతుందనీ, అందువల్ల ధ్రువాలకూ ఉష్ణమండలానికీ నడుమ ఉన్న మధ్య అక్షాంశాలలోనే క్లోరిన్ మేల్కొంటుందనీ, అక్కడ 2020లో ఓజోన్ 3 నుంచి 5 శాతం తగ్గడానికి ఇది కారణమనీ వాతావరణ రసాయన శాస్త్రవేత్త సూసన్ సాలమన్ బృందం 2023లో వివరించింది. ఈ క్లోరిన్ ఎక్కువగా మనం వాడి వదిలేసిన శీతలీకరణ వాయువులదే. కొత్త పొగ పాత పాపాన్ని తట్టి లేపిందన్నమాట.

ప్రశ్న: మా నల్లమలలో ఏటా వేసవిలో మంటలు కనిపిస్తాయి. వాటితో కూడా ఇంత ప్రమాదమా?
– పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: అంత ఎత్తుకు వెళ్లే పొగ కాదు అది. ఆకురాల్చే అడవిలో ఫిబ్రవరి నుంచి మే దాకా నేల మీది ఎండుటాకులు, గడ్డి మోకాలి ఎత్తు మంటతో కాలుతూ పోతాయి. చెట్ల తలలు అంటుకోవడం అరుదు. ఇప్పపూలు ఏరడానికి నేల శుభ్రం చేసేందుకో, తునికాకు బాగా చిగురించాలనో, పశువులకు లేత గడ్డి కోసమో పెట్టిన నిప్పు వీటిలో చాలావాటికి మూలం. కానీ రసాయనశాస్త్రం అక్కడా అదే. రాత్రి చల్లగాలి లోయలో అడుగున చేరి మూత పడినట్లు నిలిచిపోతుంది గనుక, తెల్లవారుజామున కొండ దిగువ ఊళ్లలో కమురు వాసన ఘాటుగా తగులుతుంది. ఎండ ఎక్కి ఆ మూత విడిపోయేదాకా పిల్లలను, ఉబ్బసం ఉన్నవారిని ఇంటిలోపలే ఉంచండి.