మట్టి గణపయ్యని పిల్లాడితోనే చేయించండి, గురివింద గింజలు మాత్రం వద్దు: డాక్టర్ సలహా

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాజమండ్రి. బాబుకి ఐదేళ్లు, పాపకి ఏడాదిన్నర. ఈసారి చవితికి వినాయకుణ్ణి తనే చేస్తానని బాబు రోజూ అడుగుతున్నాడు. మా అత్తగారు బొమ్మ కళ్లకి గురివింద గింజలు, పూజకి పత్రి అన్నీ తనే ఏరుకొస్తారు. పాపేమో కనపడ్డదల్లా నోట్లో పెట్టేసుకుంటోంది. పోయినేడు రంగులు వేశాక బాబు చేతులు కందిపోయి రెండ్రోజులు దురద పెట్టాయి. ఇవన్నీ మానేసి బజార్లో బొమ్మ కొనెయ్యమంటారా? వంటలో కూడా సాయం చేస్తానంటున్నాడు, వాడితో ఏం చేయించొచ్చు?

సలహా: మానెయ్యొద్దమ్మా. పిల్లల డాక్టర్‌గా చెప్తున్నా, ఐదేళ్ల పిల్లాడికి మట్టి పిసకడం, ఉండలు చెయ్యడం, తొండానికి తాలికలా దువ్వడం కంటే మంచి పని ఇంకోటి లేదు, రేపు పెన్సిల్ పట్టుకుని అక్షరాలు దిద్దేది ఆ వేళ్లే కదా. మీరు తియ్యాల్సింది పండగని కాదు, పండగలోంచి ఓ నాలుగు వస్తువుల్ని.

మొదటిది గురివింద గింజలు. ఎర్రగా నున్నగా కొసన నల్ల చుక్కతో అచ్చం కన్నులాగే ఉంటుంది కాబట్టే పెద్దవాళ్లు బొమ్మకి పెడతారు, పాపని లాగేది కూడా ఆ అందమే. అందులో అబ్రిన్ అనే విషం ఉంది, చాలా ఘాటైనది. పైపెంకు గట్టిది కాబట్టి గింజ నమలకుండా మింగితే చాలాసార్లు ఏమీ కాకుండా బయటికి వచ్చేస్తుంది, కానీ కొరికినా, దండకి గుచ్చడానికి చిల్లు పెట్టిన గింజ మింగినా లోపల విషం దిగుతుంది, వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి రక్తవిరేచనాలు మొదలవుతాయి. అవి కొన్ని గంటలు ఆగి మొదలవ్వొచ్చు, మర్నాడైనా రావొచ్చు. అందుకని పాప ఇప్పుడు బానే ఆడుకుంటోంది కదా అని ఇంట్లో కూర్చోవద్దు, మింగిందని అనుమానం వస్తే చాలు ఆ గింజ ఒకటి చేత్తో పట్టుకుని హాస్పిటల్‌కి వెళ్లిపోండి. ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి కక్కించే పని మాత్రం చెయ్యకండి.

మరి కళ్లకేం పెట్టాలి అంటారా, బియ్యప్పిండి తడిపి చూపుడు వేలితో రెండు తెల్ల చుక్కలు పెట్టమనండి, ఆరాక మధ్యలో కొబ్బరిచిప్ప బొగ్గు నూరి నల్ల చుక్క. మా ఇంట్లో ఇదే పద్ధతి, చూపు ఎంత బావుంటుందో చూడండి. మినుములు, మిరియాలు, శనగలు కూడా వద్దంటాను, ఎందుకంటే ఏడాదిన్నర పిల్లలు వాటిని ముక్కులో దూర్చుకుంటారు. ఒకసారి ఓ బాబుకి ఒక ముక్కులోంచే చీమిడి, అదీ బాగా వాసన, పది రోజులు జలుబు మందు వేసి తగ్గక తీసుకొచ్చారు, చూస్తే తడికి ఉబ్బిపోయిన శనగ గింజ! ఒకే వైపు ముక్కు కారుతూ కంపు కొడితే అది జలుబు కాదని గుర్తుపెట్టుకోండి, పిన్నీసుతో కెలక్కుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

ఇక పత్రి. ఇరవై ఒక్క రకాల్లో ఎక్కువ భాగం నిశ్చింతగా ముట్టుకోవచ్చు, విషం సంగతికొస్తే మూడింటితోనే జాగ్రత్త. జిల్లేడు తుంపితే పాలు కారతాయి, ఆ చేత్తో కన్ను నలుపుకుంటే మొదట పెద్దగా నొప్పి ఉండదు, కొన్ని గంటలకి చూపు మసకబారుతుంది, అలా అయితే మంచినీళ్ల ధార కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఉమ్మెత్త, మరీ దాని కాయల్లో గింజలు తింటే నోరు ఎండిపోయి, మొహం ఎర్రబడి, కంటి పాపలు పెద్దవై, పిల్లాడు లేనివి చూస్తూ ఏదేదో మాట్లాడతాడు, గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరిగి టైం పోగొట్టుకోకండి. గన్నేరు గుండె మీద పనిచేస్తుంది, కొట్టుకోవడం నెమ్మదించి లయ తప్పుతుంది, పచ్చ గన్నేరు కాయలైతే మరీ ప్రమాదం. ఉమ్మెత్త, గన్నేరుల్లో ఏది కొంచెం నోట్లోకి వెళ్లినా సరే 108కి ఫోన్ చెయ్యండి. ఇవి పూజకి వద్దని మీ అత్తగారికి చెప్పమని నేను అనట్లేదు, ఆవిడ ఆచారం ఆవిడది. ఆ మూడూ ఆవిడే కోసి, విడిగా ఎత్తులో పెట్టి, ఆవిడ చేత్తోనే వెయ్యమనండి, పూజయ్యాక నిర్మాల్యం కూడా పాపకి అందనివ్వొద్దు. బాబుకి గరిక అప్పజెప్పండి, 21 పోచలు లెక్కపెట్టి కట్ట కట్టడం వాడి డ్యూటీ. మామిడి, తులసి, మరువం కూడా వాడే తేవచ్చు. మారేడు, రేగు, వాకుడులకి ముళ్లుంటాయి, అవి పెద్దవాళ్లకే.

మట్టి సంగతికి వస్తే, కుమ్మరి దగ్గర పిసికిన మట్టి దొరికితే అన్నిటికంటే మంచిది. చెరువు మట్టైతే ముందు మీరు రాళ్లు, గాజు పెంకులు ఏరెయ్యండి. బొమ్మ జానెడుకి మించొద్దు. పొట్టకి పెద్ద ఉండ, తలకి చిన్న ఉండ, చెవులకి అప్పడంలా ఒత్తి అతికించడమే, తల నిలబడ్డానికి లోపల చీపురు పుల్ల మాత్రం మీరే గుచ్చండి, కళ్లకి తగిలే వస్తువది. పగుళ్లొస్తే తడి వేలితో రాస్తే సర్దుకుంటాయి. నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి తెచ్చి పిల్లలతో కలిపించొద్దు, అది గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, గుప్పిట్లో ఉండిపోతే చెయ్యి కాలుతుంది. పోయినేడు మీ బాబు చేతులు కందింది ఆ రంగుల వల్లే అయ్యుంటుందని నా అనుమానం. ఈసారి రంగే వద్దు, కావాలంటే పసుపు నీళ్లు, బీట్‌రూట్ రసం, అవి కూడా ముందురోజు మోచేతి లోపలివైపు చుక్క రాసి చూడండి.

మట్టి ముట్టుకుంటే నులిపురుగులు వస్తాయని భయం ఉంటుంది. గోళ్లు కత్తిరించి, పనయ్యాక సబ్బుతో కడిగితే చాలు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, స్కూళ్లలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు, వేసుకున్నారో లేదో కనుక్కోండి, ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకి సగం మాత్రే. ఇంకోటి, డీపీటీ టీకా బూస్టర్ ఒకటి 16 నుంచి 24 నెలల మధ్య, రెండోది ఐదారేళ్లప్పుడు పడాలి, అంటే మీ పిల్లలిద్దరికీ ఇదే టైం, కార్డు ఒకసారి తీసి చూడండి. పాప అదే పనిగా మట్టి తింటుంటే మాత్రం రక్తం తక్కువగా ఉందేమో టెస్ట్ చేయించాలి.

వంటకి ఉండ్రాళ్లు మించింది లేదు. గ్లాసు బియ్యపు రవ్వకి రెండు గ్లాసుల నీళ్లు, చెంచాడు నెయ్యి, ఉప్పు, జీలకర్ర, నానబెట్టిన పప్పు గుప్పెడు, శనగపప్పు బదులు పెసరపప్పు వెయ్యండి, మెత్తగా ఉడుకుతుంది కాబట్టి పాపకీ పనికొస్తుంది. పొయ్యి దగ్గర పని మీది. గోరువెచ్చగా చల్లారాక పళ్లెంలో పోసి, చేతికి నెయ్యి రాసి బాబుని ఉండలు చుట్టనివ్వండి, వంకరగా వచ్చినా సరిచెయ్యకండి. ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు ఆవిరి పడితే చాలు. మూత తీసేటప్పుడు పిల్లలు గుమ్మం అవతలే ఉండాలి, ఆవిరి కూడా ఒళ్లు కాల్చేస్తుంది. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కిందే పెట్టండి, పేస్టు, ఇంకు, పసుపు ఏమీ పుయ్యొద్దు. పాలతాలికలకి పిండి దువ్వడం కూడా వాడికి ఇవ్వొచ్చు, రెండో వాయికి మీకంటే సన్నగా దువ్వుతాడు చూడండి. కూర ముట్టని పిల్లలు కూడా తాము చుట్టినదైతే అడిగి తింటారు, ఇది నేను చాలా ఇళ్లల్లో చూశాను. పాపకి ఉండ్రం గుండ్రంగా చేతికివ్వకుండా చిదిపి పెట్టండి, కొబ్బరి ముక్కలు అసలొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. రెండేళ్లు నిండేదాకా బెల్లం, పంచదార పెట్టకపోతేనే మంచిది, అంచేత తాలికలు పాపకి వద్దు.

మట్టి పని ముందు రోజుల్లోనే అయిపోవాలి, వంట పండగ పొద్దున. రెండూ ఒకే పూట పెట్టుకుంటే చేతులు సరిగ్గా కడగడం అవ్వదు. బాబు మట్టిలో ఉన్నంతసేపూ పాప దగ్గర ఒక పెద్దమనిషి ఉండాలి, ఫోన్ చూసుకుంటూ కాదు, పాపకి ఉడికించి చల్లార్చిన గోధుమపిండి ముద్ద ఇచ్చి పక్కనే కూర్చోబెట్టండి, కొంచెం నోట్లోకెళ్లినా భయం ఉండదు.

నిమజ్జనం ఇంట్లోనే బకెట్‌లో చేసుకుంటారు కదా, కరిగాక ఆ నీళ్లు రెండు మూడు రోజుల్లోపే మొక్కలకి పోసెయ్యండి. భాద్రపదం డెంగీ సీజన్, నిలవ నీళ్లలో వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి. బొమ్మ చేసేటప్పుడే పొట్టలో నాలుగు బెండ గింజలు పెట్టించండి, ఆ మట్టి కుండీలో వేసి రోజూ చెంబుడు నీళ్లు పొయ్యడం బాబుకే అప్పజెప్పండి.